వెనక్కి నడిచిన మనిషి

తడి నేల మీద రబ్బరు బూటు కీచుమంటే నా గుండె ఇప్పటికీ గుభేలుమంటుంది. మొన్న శనివారం సూపర్‌మార్కెట్‌లో ఎవరి చేతిలోంచో పాల డబ్బా జారి పగిలింది. వెనకాలే ట్రాలీ తోసుకొస్తున్న ఒకాయన ఆ పాల మీద కాలేసి, జారి, ఎలాగో నిలదొక్కుకున్నాడు. కీచుమని ఒక్కటే చప్పుడు. ఆయన "అయామ్ గ్రాండ్, అయామ్ గ్రాండ్" అంటూ, ఏమీ కాలేదన్నట్టు తన దారిన వెళ్ళిపోయాడు. నేను మాత్రం పెరుగు డబ్బాల ముందు కొయ్యబారిపోయాను. మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని "మామ్, వాట్స్ రాంగ్ విత్ యూ?" అంది. "ఏం లేదులే, పద" అన్నాను. ఏం లేకపోవడమేమిటి, నా మొహం! ఆ చప్పుడు వినగానే నాకు వైదాస్ గుర్తొస్తాడు. అతని గురించి రాయాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. బద్ధకం వల్ల కాదు, భయం వల్ల.

వైదాస్ లిథువేనియా మనిషి. బాస్కెట్‌బాల్ ఆడటమే అతని ఉద్యోగం. బాస్కెట్‌బాల్ అనగానే మనకి ఎగిరి బుట్టలో బంతి వేసేవాడు గుర్తొస్తాడు. ఇతను ఆ రకం కాదు. ఫార్వర్డ్. బుట్ట కింద నిలబడి, మీదికి దూసుకొచ్చేవాళ్ళని ఒంటితో ఆపడం, తప్పిపోయిన బంతుల కోసం మోచేతి పోట్లు తింటూ ఎగరడం అతని పని. పదిహేడో ఏట మొదలుపెట్టి ఆరు దేశాల్లో ఆడాడు. అన్నీ చిన్న ఊళ్ళే, చిన్న క్లబ్బులే. ఎక్కడా ఏడాదికి మించి కాంట్రాక్టు రాసివ్వలేదు. సీజన్ అయిపోగానే గది ఖాళీ చెయ్యడం, వేసవంతా ఫోను పక్కన పెట్టుకుని ఎవరు పిలుస్తారా అని చూడటం. అలా చూస్తూ చూస్తూ ఐర్లాండ్ చేరాడు. కొవిడ్ వచ్చి ఆ మార్చిలో ఆటలన్నీ ఆగిపోయాయి. అమెరికా నుంచి వచ్చిన ఆటగాళ్ళు దొరికిన విమానం ఎక్కేశారు. ఇతను మాత్రం ఉండిపోయి, కిల్కెన్నీ ఊరి చివర నేను నర్సుగా పనిచేసే వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో కేర్ అసిస్టెంట్‌గా చేరాడు. ముసలివాళ్ళని లేపాలి, నడిపించాలి, స్నానం చేయించాలి.

చేరిన రోజు ఒక గొడవ. మా అందరికీ మోకాళ్ళు దాటే ప్లాస్టిక్ గౌను అతనికి నడుము కింద జానెడు దగ్గర ఆగిపోయింది. మా గ్రేస్ ఆంటీ ఎగాదిగా చూసింది. ఆవిడది రాజమండ్రి, మాతోపాటే కేర్ అసిస్టెంట్. మాకందరికీ పెద్దదిక్కు. "ఓరి నాయనో! ఈయనకి గౌనేం సరిపోద్దమ్మా ప్రమీలా, షామియానా వెయ్యాలి గానీ!" అంది. ఏమన్నదని వైదాస్ అడిగాడు. చెప్పాను. పగలబడి నవ్వి, రెండు గౌన్లు కలిపి ముడేసుకుని పనిలోకి దిగాడు. ఆ రోజుల్లో మేం నవ్వడం అదే మొదలనుకుంటాను. అప్పటికే ఇద్దరు పెద్దవాళ్ళు పోయారు. పొద్దున్నే గొంతు కాస్త గరగరలాడితే చాలు, నాకు కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. డ్యూటీ నుంచి వచ్చి, గరాజ్‌లోనే బట్టలు మార్చుకుని, స్నానం అయ్యేదాకా పిల్లని దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు. పైగా ఆ వేసవిలోనే నా వర్క్ పర్మిట్ పొడిగించాలి. ఆ కాగితాల మీద మా డైరెక్టర్ మోరీన్ సంతకం పడాలి. ఆమె చిన్నగా దగ్గినా భయమే, నన్ను చూసి నవ్వకపోయినా భయమే.

నా సంగతి కూడా చెప్పాలి. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, కానీ నోటిదాకా రాదు. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో నోరు పెట్టకూడదని మా అమ్మ గుడివాడలో నాకు మాటలతోపాటే నేర్పింది. మిగిలింది నర్సింగ్ స్కూల్లో మేట్రన్ నేర్పింది. డాక్టరు తప్పు మందు చెబుతున్నా సరే, ఆయన వాక్యం పూర్తయ్యాకే "సర్" అనాలి. ఐర్లాండ్ వచ్చాక అందరూ నన్ను "క్వయట్ గర్ల్, లవ్లీ" అనేవాళ్ళు. అది మెచ్చుకోలే అనుకుని మురిసిపోయాను.

వైదాస్ వచ్చిన వారం లోపలే నాకు అతని మీద ఒళ్ళు మండింది. మందుల ట్రే పట్టుకుని వెళ్తుంటే వెనకనుంచి "ప్రమీలా! నీ వెనక ఉన్నాను! కుడి పక్క!" అని ఒక్క కేక వేశాడు. ఉలిక్కిపడి సగం మాత్రలు కింద పోశాను.

"ఎందుకా అరుపులు? ఇదేమన్నా స్టేడియమా? ముసలివాళ్ళున్న చోటు!" అన్నాను. అన్నానంటే, చాలా మెల్లగానే అన్నాను.

అతను వంగి మాత్రలు ఏరుతూ తాపీగా చెప్పాడు. ఇంగ్లీషులోనే చెప్పాడు గానీ, నాకెందుకో అతని మాటలు తెలుగులోనే గుర్తున్నాయి. "ఆటలో నేను ఎదుటివాణ్ణి చూస్తూ వెనక్కి పరిగెత్తాలి. వెనకేముందో నాకు కనపడదు. నా జట్టువాడు అరిచి చెప్పాలి. చెప్పకపోతే ఎవడి భుజమో వచ్చి తగిలి నా దవడ పగులుతుంది."

"చెప్పినా తగిలితే?"

"తగలనీ. తగులుతుందని తెలిస్తే ఒళ్ళు సిద్ధపడుతుంది. బంతి పట్టడం రానివాడితోనైనా ఆడతాం ప్రమీలా, నోరు విప్పనివాడితో ఆడలేం."

పదిహేను రోజుల్లో మా అందరికీ ఆ అలవాటు అంటుకుంది. మొహాలకి మాస్కులు, వాటిమీద ప్లాస్టిక్ తెరలు. ఎవరు ఎటు చూస్తున్నారో తెలిసేది కాదు. అందుకని మూల తిరిగితే అరుపు, తలుపు తీస్తే అరుపు. గ్రేస్ ఆంటీ అయితే ఏకంగా తెలుగులోనే "తప్పుకోండోయ్, వేడి సూపొత్తంది!" అని కేకలేసేది. ఐరిష్‌వాళ్ళు, పోలండ్‌వాళ్ళు అందరూ ఠక్కున తప్పుకునేవాళ్ళు. ఎటొచ్చీ నా గొంతే లేచేది కాదు. "నీ కేక నీ మాస్కుకి వినపడింది. ఇప్పుడు నాకు కూడా వినిపించు" అని వైదాస్ ఏడిపించేవాడు.

అతని ప్రాణమంతా నోరా మీద ఉండేది. నోరాకి తొంభై దగ్గర పడ్డాయి. చెవుడు. ఆసుపత్రినుంచి వచ్చాక నడవాలంటే భయం పట్టుకుంది. పక్కన నిలబడి పట్టుకుంటే ఎదురుగా ఖాళీ నేల చూసి బిగుసుకుపోయేది. రూల్ ప్రకారం మేం పక్కనే, కాస్త వెనగ్గా నడవాలి. వైదాస్ ఆ రూల్ పక్కన పెట్టాడు. ఆమె ఎదుట నిలబడి, కాస్త వంగి, ఆమె కళ్ళలోకి చూస్తూ, తను వెనక్కి నడిచాడు. ఖాళీ నేల కనబడకపోయేసరికి నోరా వాకర్ పట్టుకుని అతని మొహం వెంట నడిచింది. నాలుగడుగులు, పది, తర్వాత కారిడార్ మొత్తం. అది తప్పు పద్ధతని నాకు తెలుసు. అయినా అనలేదు. అందరూ సంతోషంగా ఉన్నారు, మధ్యలో నాకెందుకని ఊరుకున్నాను. నా బల్ల కారిడార్ ఈ చివర ఉండేది. అక్కణ్ణుంచి నోరా వీపు, ఆమె మీదుగా అతని మొహం, అతని వెనక దారి, అన్నీ కనిపించేవి. "వెనక కుర్చీ", "వెనక తలుపు" అని చెప్పడం నా వంతు. రోజూ చెప్పగా చెప్పగా నా గొంతు కూడా కొంచెం పెరిగింది.

మధ్యాహ్నం విరామంలో అతను కార్ల మధ్య ఖాళీలో బంతితో సాధన చేసేవాడు. పలకరించడానికి చుట్టాల్ని కూడా లోపలికి రానివ్వని రోజులు కదా, ముసలివాళ్ళందరూ కిటికీల దగ్గర చేరేవాళ్ళు. ఈ ఊళ్ళో అందరిలాగే నోరాకీ హర్లింగ్ పిచ్చి, కర్రలతో బంతిని కొట్టే ఇక్కడి ఆట. "నిమిషానికో స్కోరా? ఇంత సులువైతే అదీ ఒక ఆటేనా?" అని మొహం చిట్లించేది. కానీ కిటికీ దగ్గరినుంచి కదిలేది కాదు.

జూన్‌లో ఒకరోజు వైదాస్ నా బల్ల దగ్గరికొచ్చి ఫోను చూపించాడు. పోలండ్‌లో ఏదో చిన్న ఊరి క్లబ్బు పిలిచింది. "రెండేళ్ళు" అన్నాడు. నాకు అర్థం కాలేదనుకుని మళ్ళీ "రెండేళ్ళ కాంట్రాక్టు, ప్రమీలా" అన్నాడు. అతనికి ముప్ఫై నాలుగు. అన్నేళ్ళ ఆటలో ఎవరూ అతనికి రెండేళ్ళు రాసివ్వలేదు. "సోఫా కొనుక్కుంటాను. ఇన్నాళ్ళూ కొనలేదు, ఏడాదికోసారి ఎవరు మోస్తారని" అన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి. పర్మిట్ కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నదాన్ని, ఆ 'రెండేళ్ళు' విలువ నాకు తెలియదా? అయితే ఒక షరతు. ఆగస్టులో అక్కడికెళ్ళి వైద్య పరీక్ష నెగ్గాలి. మోకాళ్ళు గట్టిగా ఉండాలి, కొవిడ్ సోకి ఉండకూడదు.

ఆ రోజునుంచి అతనికంటే నేనే ఎక్కువ భయపడ్డాను. అతను తుమ్మితే థర్మామీటర్ పట్టుకుని పరుగెత్తేదాన్ని. కొత్త మాస్కులు వస్తే ముందు అతనికి తీసిపెట్టేదాన్ని. "ఇంక మానెయ్యకూడదూ? ఈ రెండు నెలలూ గదిలో కూర్చో" అని పోరాను. "నోరాని నువ్వు నడిపిస్తావా?" అన్నాడు. నడిపించలేనని ఇద్దరికీ తెలుసు.

జూలై మొదట్లో ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక. నేను బల్ల దగ్గర ఫోనులో ఉన్నాను. అవతల మోరీన్. ఆమె ఇంట్లో క్వారంటైన్‌లో ఉండి, ఎవరికి పరీక్ష చేయించాలో ఒక్కో పేరే చెబుతోంది. నేను రాసుకుంటున్నాను. గాలి కోసం అన్ని తలుపులూ బార్లా తీసి ఉంచే రోజులవి. మూసుకుపోకుండా 'తడి నేల' అని రాసిన పసుపు బోర్డుల్నే మేం అడ్డం పెట్టేవాళ్ళం. అప్పుడే కారిడార్ తుడిచి వెళ్ళారు. తడి మీద పెట్టాల్సిన బోర్డు తలుపు దగ్గర ఉంది. వైదాస్, నోరా ఎప్పటిలాగే బయల్దేరారు. అతని వెనక నాలుగడుగుల దూరంలో నేల తళతళ మెరుస్తోంది. చూశాను. నాకు స్పష్టంగా కనిపించింది. అరవడానికి ఊపిరి కూడా పీల్చాను. మోరీన్ ఒక వాక్యం మధ్యలో ఉంది. ఈ ఒక్క వాక్యం అయిపోనీ, అనుకున్నాను.

బూటు కీచుమంది. వైదాస్ మడమ జారింది. వెనక్కి పడిపోతే అతనికేమీ అయ్యేది కాదు, పడటం తెలిసినవాడు. కానీ నోరా వాకర్‌తో సహా అతని మీదికి తూలుతోంది. జారుతున్న కాలినే నేలకి తన్నిపెట్టి, ఆమెని రెండు చేతుల్తో గుండెకి ఆనించుకుని, అప్పుడు కూలబడ్డాడు. మోకాలు పక్కకి తిరగడం నేను చూశాను. నోరా అతని ఛాతీ మీద కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, "పడేముందు చెప్పొచ్చుగా నాయనా!" అంది. ఆమెకి చిన్న గీరు కూడా పడలేదు. వైదాస్ అరవలేదు. పెదవులు తెల్లబడిపోయి పైకప్పుకేసి చూస్తున్నాడు. ఫోనులో మోరీన్ "హలో? ప్రమీలా?" అంటోంది.

మోకాలి లోపల లిగమెంటు తెగిందన్నారు. ఆపరేషన్ అన్నారు. ఆడటం సంగతి ఏడాది తర్వాత చూడాలన్నారు. పోలండ్ క్లబ్బు వాళ్ళు త్వరగా కోలుకోవాలని మర్యాదగా ఒక మెసేజ్ పెట్టి, ఇంకొకర్ని తీసుకున్నారు.

తర్వాతి వారం స్క్రీన్ మీద మీటింగ్. మోరీన్ చెడ్డ మనిషి కాదు, కాగితంలో ఉన్నది చదివింది. కేర్ అసిస్టెంట్ నిబంధనకి విరుద్ధంగా వెనక్కి నడుస్తూ రెసిడెంట్‌ని నడిపించాడు, ప్రమాదానికి కారణం అదే. "ఎవరైనా ఏమైనా చెప్పాలా?" అని అడిగింది. తన గదిలోంచి వైదాస్ చెయ్యెత్తాడు. ఆటలో ఫౌల్ పడినవాడు అలా చెయ్యెత్తి ఒప్పుకుంటాడట. "పద్ధతి తప్పింది నేనే" అన్నాడు. నా మైక్ ఆపేసి ఉంది. దాన్ని నొక్కడానికి వేలు దగ్గరిదాకా తీసుకెళ్ళాను. నా పర్మిట్ కాగితాలు అప్పుడు మోరీన్ బల్ల మీదే ఉన్నాయి. వేలు వెనక్కి తీసుకున్నాను. ఎంత సిగ్గుమాలిన పని చేశానో ఆ క్షణంలోనే తెలుసు.

రెండు రోజులు అన్నం సయించలేదు. "ఏమైందే?" అని మా ఆయన అడిగితే ఒళ్ళు నొప్పులన్నాను. ఆయన కంగారుగా థర్మామీటర్ తెచ్చాడు. మూడో రోజు గ్రేస్ ఆంటీ ఫోన్ చేసి, "ఆ అబ్బాయిదే తప్పని రాసేశారంటమ్మా. అలా రాత్తే రేపు ఏ నర్సింగ్ హోమ్‌లోనన్నా ఉద్యోగమిత్తారా?" అంది. ఇంక ఉండబట్టలేక కోడికూర డబ్బాలో పెట్టుకుని వైదాస్ అద్దెకుండే ఇంటికి వెళ్ళాను. అతను గుమ్మంలో కుర్చీ వేసుకుని, కట్టు కట్టిన కాలు ఇంకో కుర్చీ మీద చాపుకుని కూర్చున్నాడు. నేను మెట్టు కింద, దూరంగా నిలబడ్డాను.

"వైదాస్, ఆ రోజు తడి నేను చూశాను" అన్నాను.

"తెలుసు."

"తెలుసా? ఎలా?"

"నేను నీకేసే తిరిగి ఉన్నాను కదా. నీ మాస్కు లోపలికి పోయింది. గట్టిగా ఊపిరి తీసుకున్నావు. అరుస్తావని ఒక్క క్షణం ఆగాను." కాలికేసి చూసుకున్నాడు. "నువ్వు అరవలేదు. సరే, దారి బాగానే ఉందనుకుని అడుగేశాను."

డబ్బా పట్టుకుని ఏడుస్తూ నిలబడ్డాను. ఆఖరికి, "మరి మీటింగ్‌లో ఎందుకు చెప్పలేదు? నా మీద కోపం లేదా?" అని అడిగాను.

"ఉంది. చాలా ఉంది" అన్నాడు. "వెనక్కి నడిచింది నేను. నా ఫౌల్‌కి నేను చెయ్యెత్తాను. నీది నువ్వు ఎత్తాలి, అది నేనెలా ఎత్తుతాను? నాకిప్పుడు చెప్పి లాభం లేదు ప్రమీలా, నేను పడిపోయాను. అక్కడింకా నడిచేవాళ్ళున్నారు." తర్వాత మెట్టుకేసి చెయ్యి చూపించి, "ఆ డబ్బా అక్కడ పెట్టి వెళ్ళు. ఆకలేస్తోంది" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మోరీన్ గదికి వెళ్ళాను. అప్పటికి ఆమె డ్యూటీకి వచ్చేసింది. ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూ, ఆగమన్నట్టు వేలు చూపించింది. "మోరీన్, ఆ ఫోన్ పెట్టెయ్యి. ఇప్పుడే మాట్లాడాలి" అన్నాను. ఆమె తెల్లబోయి పెట్టేసింది. తడి చూశానని, నీ మాటకి అడ్డురావడం ఇష్టంలేక అరవలేదని, మీటింగ్‌లో భయపడి నోరు మూసుకున్నానని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. "నా మాటకి అడ్డురాకూడదనా?" అని ఆమె రెండుసార్లు అడిగింది. ఆమెకి నిజంగా అర్థం కాలేదు. రిపోర్టు మార్చి రాశారు. బోర్డులు తలుపులకి పెట్టడం ఆపేశారు. నాకు లిఖితపూర్వకంగా హెచ్చరిక ఇచ్చారు. ఆ నెలాఖరున పర్మిట్ కాగితాల మీద మోరీన్ సంతకం కూడా పెట్టింది. నాకోసం నేను భయపడ్డది ఒక్కటీ జరగలేదు. అతని కోసం భయపడ్డదే జరిగింది.

చలికాలం రాకముందే వైదాస్ వాళ్ళ ఊరికి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఏ క్లబ్బుకీ ఆడలేదు. అక్కడ కూడా ఒక వృద్ధుల హోమ్‌లోనే పనిచేస్తున్నాడు. క్రిస్మస్‌కి మెసేజ్ పెడతాడు. నేను రెండు పేజీలు రాస్తాను, అతను రెండు ముక్కలు రాస్తాడు. నన్ను క్షమించాడో లేదో నేను అడగలేదు, అతను చెప్పలేదు. ఆ ఒక్క వాక్యం అయిపోనీ అనుకున్నానే, ఆ వాక్యంలో మోరీన్ ఏం చెప్పిందో ఎంత తన్నుకున్నా గుర్తు రాదు.

కొత్తగా చేరిన నర్సులకి మొదటి రోజు పని చూపించేది ఇప్పుడు నేనే. మిగతావన్నీ తర్వాత, ముందు ఖాళీ హాల్లోకి తీసుకెళ్తాను. దారిలో ఎక్కడో ఒక కుర్చీ పెట్టమని, నేను మాట్లాడుతూ వెనక్కి నడుస్తాను, వెనకేముందో నాకు చెప్పమని అంటాను. ఈ నెల ఒంగోలు నుంచి సత్యవతిగారు వచ్చారు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, ఎంతో అనుభవం ఉన్న మనిషి. ఆవిడకేసి తిరిగి, మందుల వేళల గురించి చెబుతూ వెనక్కి నడిచాను. కుర్చీ అంచు వచ్చి నా పిక్కకి గట్టిగా తగిలింది.

"అయ్యో మేడమ్! తగిలిందా?" అంటూ ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "చెబుదామనే అనుకున్నానండీ. మీరేదో ముఖ్యమైనది చెబుతున్నారు కదా, మధ్యలో ఎందుకులే అని..."

నేను కుర్చీని దాని చోట పెట్టి, మళ్ళీ హాలు ఆ చివరకి వెళ్ళి నిలబడ్డాను.

"ఇంకోసారి, సత్యవతిగారూ" అన్నాను. "నేను మాత్రం మాట్లాడటం ఆపను. మీరే ఆపాలి."